రక్తపిశాచి, తోడేలు, ఆత్మ, గంధర్వుడు: ప్రేమనవలకు ఎవరు మేలు?

మనిషికీ మానవాతీత ప్రాణికీ మధ్య ప్రేమను చెప్పే పారానార్మల్ రొమాన్స్ నవలలు కొత్తగా చదవాలనుకునేవారు వాంపైర్ (రక్తపిశాచి) కథతో మొదలుపెట్టాలా, తోడేలు మనిషి కథతోనా, దెయ్యం కథతోనా, లేక మన గంధర్వుల, నాగకన్యల కథలతోనా అని అమలాపురం, రాజోలు, పాలకొల్లు ప్రాంతాల చదువరులు ఈ మధ్య పదేపదే అడుగుతున్నారు. అడిగేవారిలో కాలేజీ అమ్మాయిలే కాక, ఒకప్పుడు వారపత్రిక సీరియళ్ల కోసం ఎదురుచూసిన వారి తల్లులు కూడా ఉన్నారు. ఈ ప్రక్రియ ఏమిటో వారికి నేను వివరించనక్కరలేదు. వారికి కావలసింది ఏది మేలన్న అభిప్రాయం మాత్రమే కనుక నాలుగు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ముందుగా కొలబద్ద ఏమిటో చెప్పడం న్యాయం. భయం ఎంత, శృంగారం ఎంత, మలుపులు ఎన్ని అన్న లెక్కలతో ఈ నవలలను తూచేవారున్నారు. నా దృష్టిలో అవి రెండో వరుసలోవి. మామూలు ప్రేమనవలలో అడ్డంకి కులమో, ఆస్తో, కట్నమో, అపార్థమో అయి ఉంటుంది. అది ఎంత పెద్దదైనా, రెండువైపుల పెద్దలు ఒక పూట అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటే తొలగిపోయేదే. చివరి ప్రకరణంలో తొలగిపోతుంది కూడా. పారానార్మల్ ప్రేమలోని అడ్డంకి మనుషుల మాటకు లొంగదు. ఒకరికి వయసు పెరుగుతుంది, మరొకరికి పెరగదు. ఒకరికి శరీరం ఉంది, మరొకరికి లేదు. లేదా ఒకరు ఈ లోకంలో ఉండగలిగేది ఒక షరతు మీదనే. ఏ పెద్దమనిషి వచ్చి సర్దిచెప్పినా ఇది మారదు గనుక ప్రేమించినవారు ఏదో ఒకటి చెల్లించుకోవలసి వస్తుంది. ఏమి చెల్లిస్తారు, ఎవరు చెల్లిస్తారు, చెల్లించినదాన్ని రచయిత చివర్లో తిరిగి వారి చేతిలో పెట్టేస్తాడా అన్నదే ఈ నవలల ఆకర్షణకు మూలమని నేను అనుకుంటాను.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ప్రేమనవలకు ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి రెండే అంశాలు: కథకు కేంద్రం ప్రేమ కావాలి; ముగింపు మనసుకు తృప్తినిస్తూ ఆశావహంగా ఉండాలి. చదివేవారు డబ్బు పెట్టి కొనుక్కునేది ఈ రెండో హామీనే. చెల్లింపు నిజమైనదిగా ఉండాలి, కథ సుఖాంతం కావాలి. ఈ రెండింటినీ ఒకచోట నిలబెట్టడం ఏ రకానికి ఎంతవరకు సాధ్యమవుతుందో చూడాలి.

వాంపైర్ నవలకు వంశవృక్షం ఘనమైనది. 1819లో వెలువడిన జాన్ పోలిడోరి కథలోనే రక్తపిశాచి ఉన్నతవర్గాల విందుల్లో తిరిగే ప్రభువుగా కనిపించాడు. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ అతడికి నియమావళిని కుదిర్చింది. 1976లో ఆన్ రైస్ అతడి కథను అతడి నోటనే చెప్పించింది. 2005లో స్టెఫనీ మెయర్ ‘ట్వైలైట్’ అతడిని హైస్కూల్లో కూర్చోబెట్టి ప్రేమికుడిగా స్థిరపరచింది. ఈ నాయకుడి ఆకర్షణ అంతా నిగ్రహంలో ఉంది. ఆకలిగొన్నవాడు ఎదురుగా ఆహారాన్ని పెట్టుకుని దాన్నే ప్రేమిస్తున్నాడు. ముద్దుకూ మరణానికీ మధ్య వేలెడు దూరం మాత్రమే ఉంటుంది. మన సీరియల్ నవలల్లో మితభాషి, పైకి కఠినుడు, లోపల వెన్న అయిన నాయకుడిని ఇష్టపడినవారు ఇతడిని చూడగానే గుర్తుపడతారు. ఉత్కంఠ విషయంలో మిగిలిన మూడు రకాలూ దీనికి సాటిరావని ఒప్పుకోవాలి.

అయితే ఈ రకంలో షరతులు కాలక్రమాన సడలిపోయాయి. స్టోకర్ నవలలో పగటి వెలుగు డ్రాకులాను చంపదు, అతడి శక్తిని తగ్గిస్తుంది; ఎండ తగిలితే నశించిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’తో వచ్చింది; మెయర్ దగ్గరికి వచ్చేసరికి ఎండలో అతడి ఒళ్లు మెరుస్తుంది, అంతే. శిక్షగా ఉన్నది అలంకారమైపోయింది. పిలవనిదే ఇంట్లో అడుగుపెట్టలేకపోవడం, పారే నీటిని పోటు సమయంలోనో నీరు నిలకడగా ఉన్నప్పుడో తప్ప దాటలేకపోవడం కూడా స్టోకర్ చెప్పినవే. ఈ చివరి నియమాన్ని ఎవరైనా నిలబెట్టి ఉంటే కోనసీమలో దిగిన వాంపైర్ గతి ఏమయ్యేదోనని నాకు నవ్వు వస్తుంది: ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలు అడుగడుగునా అడ్డుపడి, వేసవిలో వాటిని కట్టేసేదాకా అతడు ఒకే ఊళ్లో కూర్చోవలసి వచ్చేది.

నా అసలు అభ్యంతరం ముగింపు మీద. అతడికి చావు లేదు, ఆమెకు ఉంది. నవల పొడుగునా ఇద్దరూ నలిగేది దీని గురించే. చివరికి ఆమెను కూడా వాంపైర్‌గా మార్చేస్తే ఆ బాధ ఒక్క రాత్రిలో మాయమవుతుంది. ఆమె వదులుకున్న తిండి రుచిని, కన్నవారి సాన్నిధ్యాన్ని, నెమ్మదిగా ముసలిదయ్యే హక్కును రచయిత ఒకటి రెండు పేరాల్లో దాటేసి, బదులుగా తరగని యౌవనాన్ని కానుకగా ఇస్తాడు. చెల్లించవలసినది కానుకగా మారిపోయాక, అంతకుముందు వందల పేజీలు పడిన వేదన ఎందుకో అర్థం కాదు. మార్పుకు ఒప్పుకోని నాయిక ఉన్న వాంపైర్ నవల దొరికితే మాత్రం వదలవద్దు. ఈ రకంలో శక్తిమంతమైన కథలు అక్కడే ఉన్నాయి.

తోడేలు మనుషుల నవలల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వీటిలో గుంపు ఉంటుంది, గుంపుకు పెద్ద ఉంటాడు, వారసత్వపు తగాదాలు ఉంటాయి; ఉమ్మడి కుటుంబాల కథలు ఇష్టపడేవారికి పొద్దు బాగానే పోతుంది. కాని వీటిలో చాలావాటిని నడిపించేది విధి రాసిపెట్టిన జోడీ అన్న సూత్రం. వాసన తగిలిన క్షణంలోనే ఒకరికొకరని తేలిపోతే ఎంచుకోవలసిన అవసరం లేదు. ఎంచుకోని చోట చెల్లింపు ప్రసక్తి రాదు. జాతకాలు కలిశాయని పెద్దలు కుదిర్చిన సంబంధం లాంటిదే ఇది. అక్కడ కనీసం పంతులుగారితో వాదించవచ్చు.

ఆత్మతో ప్రేమ ఇంతకంటే లోతైన వ్యవహారం. చింతచెట్టు మీది దెయ్యం, చేలగట్ల మీద వెలిగి ఆరే కొరివిదెయ్యం, దారికాచే మోహినీ పిశాచం మన డెల్టా పిల్లలకు అమ్మమ్మలు చెప్పినవే. వాటిలో ప్రేమకు చోటు తక్కువ. తీరని కోరికో, జరిగిన అన్యాయమో వాటిని ఇక్కడ పట్టి ఉంచుతుంది. ఆ దెయ్యానికి పగ బదులు జ్ఞాపకాన్ని ఇవ్వడం పారానార్మల్ రొమాన్స్ చేసిన పని. పాత మండువా లోగిలి వారసత్వంగా వచ్చి, దాన్ని అమ్మేద్దామని దిగిన యువతికి ఆ ఇంట్లో ఎప్పుడో చనిపోయిన యువకుడు కనిపించాడనుకోండి. అతడు గడప దాటలేడు. అతడికి తెలిసిన ఊరు ఇప్పుడు లేదు. అతడు అడిగిన మనుషులెవరూ లేరు. వాంపైర్‌ను ముట్టుకుంటే ప్రమాదం, ఇక్కడ ముట్టుకోవడమే లేదు. నాలుగు రకాల్లోనూ ఇంత నికరమైన అడ్డంకి మరొకటి కనిపించదు. రచయిత ప్రేమను మాటల మీద, మౌనం మీద, ఇంట్లోని వస్తువుల మీద నడిపించవలసి వస్తుంది. భాష చేతిలో ఉన్నవారికి ఇది వరం.

కాలు జారేది ముగింపు దగ్గర. ఆత్మ విముక్తి పొంది వెళ్లిపోతే కథ నిజాయితీగా ఉంటుంది, కాని సుఖాంతం కాదు. వెళ్లనివ్వడానికి మనసొప్పని రచయితలు అతడు చనిపోలేదు, ఏదో ఆసుపత్రిలో కోమాలో ఉన్నాడంటారు; లేదా మరో జన్మ ఎత్తి పక్క ఊళ్లో డాక్టరుగా ఉన్నాడంటారు; అదీ కుదరకపోతే నాయికనే అటు పంపేస్తారు. పునర్జన్మ మీద మనకున్న నమ్మకం వల్ల రెండో ఉపాయం తెలుగు పాఠకులకు తేలిగ్గానే దిగుతుంది. కాని ఆమె ప్రేమించింది ఆ డాక్టరును కాదు కదా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు.

నా మొగ్గు నాలుగో రకం వైపన్న సంగతి దాచను. గంధర్వులు, అప్సరసలు, నాగులు ప్రేమించిన కథల్లో షరతు మొదటి రోజునే బయటపెట్టబడుతుంది. విష్ణు పురాణంలో ఊర్వశి పురూరవుడితో ఉండడానికి ఒప్పుకున్నది తన గొర్రెపిల్లలు క్షేమంగా ఉండాలని, అతడు వివస్త్రుడిగా తన కంట పడకూడదని. ఆమెను తిరిగి తీసుకుపోదలచిన గంధర్వులు రాత్రివేళ గొర్రెపిల్లలను ఎత్తుకుపోయారు; అతడు ఉన్నపాటున లేచి పరిగెత్తాడు; మెరుపు మెరిసింది. మొదటి షరతును నిలబెట్టుకోబోయి రెండోది తప్పాడు. ఇంత చిన్న కథలో ఇంత బిగువున్న కట్టడి మరోచోట దొరకడం కష్టం. అన్ని షరతులూ మెచ్చుకోదగ్గవి కావు. మనుచరిత్రలో ప్రవరుడి రూపు ధరించి వచ్చిన గంధర్వుడు కలయిక వేళ వరూధినిని కళ్లు మూసుకొమ్మన్న షరతు వట్టి మోసం; ఏమి చెల్లిస్తున్నదో ఆమెకే తెలియదు. పెద్దన పద్యాలు ఎంత గొప్పవైనా ఈ కాలపు నవల ఆ దారిన వెళ్లకూడదు.

నా తీర్పును నిర్ణయించింది మునికుమారుడైన రురుని కథ. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని ప్రోత్సాహంతో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనే అది ఉంది. గంధర్వరాజు విశ్వావసువుకూ మేనకకూ పుట్టి, స్థూలకేశ మహర్షి ఇంట పెరిగిన ప్రమద్వర, రురుడితో పెళ్లి నిశ్చయమయ్యాక పాము కాటుకు చనిపోతుంది. రురుడు విలపిస్తూ ఉంటే దేవదూత వచ్చి, నీ ఆయుర్దాయంలో సగం ఇస్తే ఆమె బతుకుతుందంటాడు. అతడు ఇస్తాడు, ఆమె లేస్తుంది, పెళ్లి జరుగుతుంది. వాంపైర్ నవల తెగని ఆయుష్షును పంచిపెట్టి చేయలేని పనిని ఈ కథ తరిగిపోయే ఆయుష్షును పంచి చేసింది. ముగింపు సుఖాంతం, చెల్లింపు నిజం; ఇచ్చిన సగాన్ని ఏ దేవుడూ తిరిగి ఇవ్వడు. ఆ తరువాత రురుడు కనిపించిన పామునల్లా చంపుతూ తిరగడం నాకు మరీ నచ్చిన అంశం, ఎందుకంటే సుఖాంతం తరువాత కూడా మనిషిలో కోపం మిగులుతుందని కవి మరచిపోలేదు.

ఈ రకానికి లోపాలు లేవనడం లేదు. టీవీ సీరియళ్లు నాగకన్యను పగ తీర్చుకునే యంత్రంగా మార్చేశాయి. నవలా రచయితలేమో లోకాల పేర్లు, కిరీటాలు, శాపాల చిట్టా వర్ణించడంలో మునిగి మనిషిని మరచిపోతారు. వాంపైర్ నవలల్లో ఉన్న ఇప్పటి సంభాషణ, ఇప్పటి తరగతి గది, ఇప్పటి ఫోను వీటిలో అరుదు. ఆ లోటు తీరడానికి దూరం పోనక్కరలేదు. గోదావరి పాయల్లో వైనతేయకు ఆ పేరు నాగులకు పుట్టు శత్రువైన గరుత్మంతుడిది. రాజోలు వైపు ఉండే నాగకన్య అమలాపురంలో ఉన్న ప్రియుణ్ణి చేరాలంటే ఆ పాయను దాటవలసిందే. దాటిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి కోల్పోతుందని రచయిత నిర్ణయిస్తే చాలు, మిగతా కథను బోడసకుర్రు వంతెన మీద తిరిగే బస్సులే నడిపిస్తాయి.

దేవదూతలు, మంత్రగత్తెలు, కాలంలో వెనక్కి వెళ్లే నాయికల నవలలు కూడా ఉన్నాయి. మొదటి రెండింటిలో యుద్ధమే ఎక్కువ. మూడోది చరిత్ర మీద ఇష్టమున్నవారికి బాగుంటుంది, కాని అది వేరే ప్రక్రియ అని నా ఉద్దేశం.

కాబట్టి, ఇంగ్లీషులో చదివేవారు, ఉత్కంఠ ముఖ్యమనుకునేవారు వాంపైర్‌తోనే మొదలుపెట్టవచ్చు. ఆ రకంలో పుస్తకాలకు కొరత లేదు, దిగువ రకం నవల కూడా చేత పట్టుకుంటే వదలనివ్వదు. కన్నీళ్లకు సిద్ధపడినవారు ఆత్మ కథను ఎంచుకుని, చివరి ముప్పై పేజీల మీద పెద్ద ఆశ పెట్టుకోకుండా చదవాలి. ఇప్పటికే నాలుగైదు వాంపైర్ నవలలు చదివి, అన్నిటి ముగింపూ ఒకేలా ఉందని విసిగినవారు ఇంకొకటి వెతకడం మాని ఆదిపర్వంలోని రురుని ఘట్టం తీయవచ్చు. తాత్పర్యంతో సహా చదివినా ఒక పూట పట్టదు. ప్రమద్వర లేచిన చోట ఆపకుండా డుండుభం (విషం లేని పాము) ఎదురయ్యే దాకా చదవాలి.