వరంగల్ ఇంట్లో లాజిటెక్ జీ29: స్టీరింగ్‌కు ఢోకా లేదు, పని అంతా బ్రేకు దగ్గరే

రేసింగ్ గేముల కోసం లాజిటెక్ జీ29 స్టీరింగ్, పెడళ్ల సెట్టు కొందామనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాం. స్టీరింగ్ బాగుంది, యాక్సిలరేటర్ బాగుంది. బ్రేక్ పెడల్‌ను మాత్రం వచ్చింది వచ్చినట్టు వాడితే నెల తిరక్కుండానే విసుగొస్తుంది. దాన్ని దారికి తెచ్చుకోవచ్చు, ఎట్లాగో కింద రాశాం.

ఒక్క కారు నడిపి స్టీరింగ్‌కు మార్కులు వేస్తే అది సగం రివ్యూనే. ఒక్కో తరగతి కారు పాదాన్ని ఒక్కో పని అడుగుతుంది. అందుకే రకరకాల తరగతుల కార్లు నడిపిన పోర్చుగల్ డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా నడిచిన దారినే కొలబద్దగా పెట్టుకున్నాం. మనవాళ్లకు ఆయన కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసులో పోర్షా కారుతో మూడో స్థానం తీసుకున్నది ఈయనే. గీత దాటేటప్పటికి మూడో స్థానంలో ఉన్నది సెబాస్టియన్ బుయేమీ. ఆయనకు పెనాల్టీ పడటంతో అది ద కోస్టాకు దక్కింది. రెండు వారాలకు కేప్‌టౌన్‌లో ఏకంగా గెలిచాడు.

ముందు బిగింపు సంగతి. స్టీరింగ్‌కు కింద రెండు క్లాంపులు ఉంటాయి. గాజు డైనింగ్ టేబుల్‌కు బిగించొద్దు. సన్‌మైకా అంచు నున్నగా ఉంటే క్లాంపు కింద సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టాలి, లేకపోతే మలుపులో మెల్లగా జారుతుంది. పెడళ్ల పెట్టె కార్పెట్ మీద పట్టు నిలుపుకుంటుంది కానీ మన టైల్స్ మీద, షాబాద్ బండల మీద గట్టిగా బ్రేకు తొక్కగానే ముందుకు పోతుంది. వడ్లాయనతో 18 ఎం.ఎం. ప్లైవుడ్ పలక కోయించి, పెడళ్లను దానికి ఎం6 బోల్టులతో బిగించి, పలకను గోడకు ఆనించి పెడితే ఆ బాధ తీరుతుంది. కుర్చీకి చక్రాలుంటే తీసేయాలి, లేదా కుర్చీని కూడా వెనక గోడకు ఆనించాలి. ఈ పని చేయకుండా సెట్టింగులు ఎన్ని మార్చినా దండగే.

ఇక మకావ్. అక్కడి వీధుల్లో ఫార్ములా 3 రేసును ద కోస్టా 2012లో ఒకసారి, 2016లో మరోసారి గెలిచాడు. 6.12 కిలోమీటర్ల ట్రాక్ అది. పొడుగాటి స్ట్రెయిట్ చివర లిస్బోవా మలుపు వస్తుంది, తప్పితే ఎదురుగా గోడే. ఇట్లాంటి చోట బ్రేకును మొదటే గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పేకొద్దీ పాదాన్ని కొంచెం కొంచెంగా వదలాలి. జీ29 తడబడేది సరిగ్గా ఇక్కడే. బ్రేక్ పెడల్ స్ప్రింగ్ లోపల ఒక రబ్బరు ముక్క ఉంటుంది. సగం దాకా పెడల్ మెత్తగా దిగుతుంది, తర్వాత రబ్బరు తగిలి ఒక్కసారిగా బిగుసుకుంటుంది. చివరి భాగం దిగాలంటే కాలి బలమంతా పెట్టాలి. చాలామంది ఆ రబ్బరును పీకేస్తారు. అప్పుడు పెడల్ తేలిగ్గా చివరికంటా దిగుతుంది, కానీ డెబ్భై శాతం ఎక్కడో, తొంభై ఎక్కడో కాలికి తెలియదు. చక్రాలు లాక్ అయి కారు నేరుగా గోడకు పోతుంది. రబ్బరును ఉండనివ్వండి. గేములో బ్రేక్ సాచురేషన్ (పెడల్ ఎంత దిగితే పూర్తి బ్రేకు అనే సెట్టింగు) మార్చి, పెడల్ 85, 90 శాతం దిగగానే పూర్తి బ్రేకు పడేట్టు పెట్టుకోండి. అసెట్టో కోర్సా గేము ఆడేవాళ్లు బ్రేక్ గామాను (పెడల్ మొదట్లో బ్రేకు ఎంత మెల్లగా పెరగాలో చెప్పే సెట్టింగును) 2.4 నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూడాలి. ఒకేసారి 1కి దించితే తాకగానే చక్రాలు ఆగిపోతాయి.

ఫార్ములా 1 సీటు ద కోస్టా దాకా వచ్చి ఆగింది. 2014కు టోరో రోసో జట్టు డానియిల్ క్వియాట్‌ను తీసుకుంది. ఆయన బీఎండబ్ల్యూతో డీటీఎం అనే జర్మన్ టూరింగ్ కార్ల పోటీకి వెళ్లి, 2015లో జాండ్‌వోర్ట్‌లో గెలిచాడు. ఈ రకం కార్లు కెర్బుల (ట్రాక్ అంచు గట్ల) మీద ఎక్కితే జీ29 లోపలి గేర్లు గడగడమంటాయి. అది పాడైన చప్పుడు కాదు, గేర్లతో నడిచే స్టీరింగులన్నిటికీ ఉన్నదే. గెయిన్ (చేతికి తగిలే బలం ఎంతో పెట్టే సెట్టింగు) మరీ పెంచితే మాత్రం అన్ని మలుపులూ ఒకే బరువుగా తగిలి, టైరు జారేది చేతికి తెలియదు. తెర మీద ఆ బలాన్ని చూపే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గీత ఎర్రబడని దాకే పెంచాలి.

ఫార్ములా ఈ కారుకు ఈ పెడళ్లు బాగా కుదురుతాయి. 2019-20 సీజన్‌లో ద కోస్టా టైటిల్ గెలిచింది ఈ తరగతిలోనే. బెర్లిన్‌లో వరుసగా జరిగిన ఆరు రేసుల్లో ఇంకా రెండు మిగిలి ఉండగానే టైటిల్ ఖాయం చేసుకున్నాడు. హైదరాబాద్‌లో నడిచిన జెన్3 (మూడో తరం) కారు మోటారు 350 కిలోవాట్ల దాకా ఇస్తుంది, బ్రేకు వేసేటప్పుడు 600 కిలోవాట్ల దాకా తిరిగి బ్యాటరీలోకి తోస్తుంది. మలుపు ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ వదిలి కరెంటు మిగిల్చుకోవడమే అసలు విద్య. జీ29 యాక్సిలరేటర్ తొక్కినంతకు తొక్కినంత పలుకుతుంది కాబట్టి ఈ సాధన దీని మీద చక్కగా సాగుతుంది. ఆర్‌ఫ్యాక్టర్ 2 గేములో అధికారిక ఫార్ములా ఈ కార్లు దొరుకుతాయి.

లె మాన్ 24 గంటల రేసును ద కోస్టా 2022లో ఎల్‌ఎంపీ2 అనే ప్రోటోటైప్ కార్ల తరగతిలో జోటా జట్టుతో గెలిచాడు, అదే ఏడాది ప్రపంచ ఎండ్యూరెన్స్ ఎల్‌ఎంపీ2 టైటిల్ కూడా. గంటల కొద్దీ నడిపే ఇట్లాంటి ఆటకు తోలు చుట్టిన రిమ్ చేతికి హాయిగానే ఉంటుంది. వరంగల్ ఎండల్లో స్లాబు కింది గదిలో అరచేతి చెమట తోలుకు పడుతుంది, ఆట అయ్యాక పొడి గుడ్డతో తుడవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు స్టీరింగ్ తనంతట తానే అటూ ఇటూ తిరిగి మధ్యను వెతుక్కుంటుంది. అప్పుడు చెయ్యి పెడితే మధ్య తప్పుతుంది.

5.5 న్యూటన్ మీటర్ల మోజా ఆర్5 లాంటి డైరెక్ట్ డ్రైవ్ స్టీరింగ్ (గేర్లు లేకుండా నేరుగా మోటారుతో తిరిగేది) దీనికి రెట్టింపుకు పైగా బలం ఇస్తుంది. డబ్బుంటే అటే పోవచ్చు. చేతిలో ఇప్పటికే జీ29 ఉన్నవాళ్లు మాత్రం కొత్త స్టీరింగ్ కంటే ముందు లోడ్ సెల్ బ్రేకు గురించి ఆలోచించాలి. అది పెడల్ దిగిన దూరాన్ని కాక కాలి ఒత్తిడిని కొలుస్తుంది.

పాతది కొనేవాళ్లు పెడళ్లను తప్పక చూడాలి. కాలు కదలకుండా సగం తొక్కి పట్టుకున్నా తెర మీద గీత ఎగిరెగిరి పడుతుంటే పెడల్ ఎంత దిగిందో కొలిచే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరినట్టు. వారంటీ ఉంటే విప్పొద్దు. లేకపోతే కింది ప్లేటు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పెడల్‌ను పాతికసార్లు పూర్తిగా తొక్కి వదలండి. అప్పటికీ గీత నిలవకపోతే ఆ ముక్క అరిగిపోయినట్టే, దాని ఖర్చు బేరంలోంచి తగ్గించి అడగండి.