యుగానికో నవల: ఛాలెంజ్ బాగుంది, ఆ ఒక్క నియమంతోనే పేచీ

చరిత్ర యుగాల రీడింగ్ ఛాలెంజ్ అంటే ఏమిటో పుస్తకాలు చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. శాతవాహనుల నుంచి స్వాతంత్ర్యం దాకా చార్టులో గళ్లు, గడికో నవల చదివి నింపాలి. కాబట్టి ఆ వివరాలు వదిలేసి, ఒక్క నియమం గురించే రాస్తాను. కథ ఏ కాలంలో జరిగిందన్నదే లెక్క. ఎప్పుడు రాశారన్నది నిర్వాహకులకి అనవసరం.

మొదట్లో ఈ నియమం నాకు తెగ నచ్చింది. దానికి కారణం తూర్పు చాళుక్యుల గడి. నోరి నరసింహశాస్త్రి 'నారాయణభట్టు' తెచ్చుకున్నాను. రాజరాజ నరేంద్రుడు, నన్నయ, రాజమహేంద్రవరం, అన్నీ బళ్లో విన్న పేర్లే. చదువుతూ చదువుతూ పక్కన పడేసిన పుస్తకం మా రిటైర్డ్ తెలుగు మాస్టారి కంట పడింది. "ఈ నారాయణభట్టుకి రాజుగారిచ్చిన అగ్రహారం ఎక్కడనుకున్నారు? మన నందంపూడేనండి, ఆయ్!" అన్నారు.

అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయ తోలే మాకు నందంపూడి అంటే పక్క ఊరు. ఆ ఊరికి 1053 నాటి రాగిరేకుల శాసనం ఉందనీ, దాన్ని కూర్చినవాడు సాక్షాత్తూ నన్నయేననీ అప్పుడే తెలిసింది. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడున్నట్టు భారతం రాయడంలో తనకు ఈ నారాయణభట్టు తోడున్నాడని నన్నయ భారతం మొదట్లోనే చెప్పుకున్నాడట. ఆ పద్యం మాస్టారు రాగం తీసి చదివి వినిపించారు. ఆ తర్వాత నవల నేను చదివిన తీరే మారిపోయింది. రాజసభలో వాదాలు నడుస్తుంటే నా ధ్యాస నేల మీదికి పోయేది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. ఇప్పుడు మేం చూస్తున్న ఈ కాలవలన్నీ ఆ తర్వాత వచ్చినవే. మరి కాటన్ దొరకి ఎనిమిది వందల ఏళ్ల ముందు ఆ అగ్రహారం భూముల్లో ఏం పండేది, వరదొస్తే ఎటు పోయేవారు? నవలలో దానికి జవాబు దొరకలేదు. కానీ ఊరి పేరు తెలిశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఊపులో కనిపించినవాళ్లందరికీ ఈ ఛాలెంజ్‌లో చేరమని చెప్పాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

శాతవాహనుల గడికి అడివి బాపిరాజు 'హిమబిందు', ఇక్ష్వాకుల గడికి ఆయనదే 'అడివి శాంతిశ్రీ', కాకతీయుల గడికి మళ్లీ ఆయనదే 'గోన గన్నారెడ్డి'. భీమవరంలో పుట్టినవాడు, పైగా చిత్రకారుడు, నాకు ప్రాణం. నగలూ నాట్యాలూ ఆయన వర్ణిస్తుంటే రంగులు కనిపిస్తాయి. అయితే మూడూ వరసగా చదివితే ఒకటి తెలిసొస్తుంది. చార్టులో వెయ్యేళ్లు దాటినా కుర్రాళ్ల ఆదర్శాలు, అమ్మాయిల సిగ్గులు, పెద్దల మాటతీరు ఒక్కలాగే ఉన్నాయి. కొత్తపేట కుర్రాడి కథ 'నారాయణరావు'లో అదే స్వభావం హాయిగా ఒదిగిపోతుంది, ఎందుకంటే అది బాపిరాజు సొంత కాలం. యుగాలు మారాయనుకుంటున్నాం గానీ మనకు తిప్పి తిప్పి చూపిస్తున్నది ఒకే తరాన్ని.

అసలు గొడవ పంతొమ్మిదో శతాబ్దం గడి దగ్గర వచ్చింది. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' పెట్టాను. 1878లో 'వివేకవర్ధని'లో వస్తూ, 1880లో పుస్తకమైన నవల. కథ మొదలయ్యేది ధవళేశ్వరంలో. నిర్వాహకులు కుదరదన్నారు. కథలో పెద్దాపురం రాజు మారువేషంలో తిరుగుతాడు కాబట్టి అది సంస్థానాల గడిలోకి పోవాలట. బంగారం చేసిపెడతానని నమ్మించి, ఉన్న బంగారం కాస్తా పట్టుకుని ఉడాయించే బైరాగి ఏ కాలంవాడు? జ్యోతిషాల మీద ఆ వెటకారం ఎవరి కాలానిది? పంతులుగారు రాజు వేషం తొడిగింది తన కాలానికే కదా అని వాదించాను. వినలేదు. పోనీ అని ఆయన స్వీయచరిత్ర పెట్టాను. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి, ఆ గొడవలన్నీ తన నోటితో చెప్పిన పుస్తకం. అదీ చెల్లదన్నారు, నవల కాదు కాబట్టి. ఆ గడి అలాగే ఖాళీగా ఉండిపోయింది, నాకు సర్టిఫికెట్ రాలేదు. పోతే పోయింది, అదో పీడీఎఫ్.

అలాగని ఆ నియమం ప్రతిచోటా తప్పిందనీ అనలేను. సహాయ నిరాకరణ రోజుల గడికి మహీధర రామమోహనరావు 'కొల్లాయి గట్టితేనేమి?' చదివాను. కథాకాలానికీ రాసిన కాలానికీ నలభై ఏళ్లకు పైనే తేడా. అయినా ముంగండ అగ్రహారం వాళ్ల మాట, పట్టింపు, ఇళ్లలో గుసగుసలు ఎక్కడా అరువు తెచ్చినట్టు ఉండవు. ఆయన పుట్టిన ఊరు అది.

నా పరిస్థితి వేరు. కొబ్బరి దింపులు లేని రోజుల్లో మధ్యాహ్నాలు ఖాళీ, అడిగితే చెప్పే మాస్టారున్నారు, దొరకని పుస్తకం కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లే ఓపిక ఇంకా ఉంది. పొద్దున్నే బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్లకి ఈ లావు నవలలు వరసగా చదవడం టెన్షనే. వాళ్లు తమ ఊరికి దగ్గరగా ఉన్న ఒక్క యుగం ఎంచుకుంటే చాలేమో. వచ్చే విడత చార్టులో రాసిన సంవత్సరానికి కూడా ఒక గడి పెట్టమని నిర్వాహకులకు రాశాను. పెడితే చేరతాను. పెట్టకపోయినా, వానలకి పనులు ఆగితే చేరతానేమో. ఈసారి పంతులుగారిని మాత్రం సంస్థానాల గడిలో పెట్టను.