ఆన్‌లైన్ వేలంలో సీజింగ్ ట్రాక్టర్: బండికి నాలుగు మార్కులు, కాగితాలకు రెండు

వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసిన ట్రాక్టర్లు, జేసీబీలు, వరికోత మిషన్లు ఇప్పుడు ఫోన్‌లోనే పాటకొస్తున్నాయి. శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో కూర్చుని విశాఖ యార్డులో ఉన్న బండికి పాట పాడొచ్చు. ఈ సమీక్ష ఏ ఒక్క యాప్ గురించీ కాదు, ఈ తరహా సేవ మొత్తం గురించి. బళ్ల ఎంపికకు, ధరకు, పాట పాడే సౌకర్యానికి అయిదుకు నాలుగు ఇవ్వొచ్చు. కాగితాలు చేతికొచ్చే తీరుకు మాత్రం రెండే, అవి కూడా వెంటపడి రాయించుకునేవాళ్లకే. ఉభాలకు (వరినాట్లకు) ముందు హడావుడిగా కొంటే దమ్ము చేసుకోవడానికి బండి దొరుకుతుంది కానీ, పేరు మారేసరికి కోతలు రావచ్చు.

జాబితాలో ఫొటోల కంటే ముందు చూడాల్సింది ఆర్‌సీ గడి. అందులో ‘ఒరిజినల్ ఉంది’, ‘జిరాక్స్ ఉంది’, ‘లేదు’ అని మూడు రకాలుగా రాస్తారు. ఒరిజినల్ ఉన్న బండికీ లేని బండికీ ఒకే ధర పాడటం కంటే తెలివితక్కువ పని లేదు. తర్వాత బండి నంబరును కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కొట్టి చూడాలి. అప్పు ఏ కంపెనీది, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పన్ను ఎంతవరకు ఉన్నాయి, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి అక్కడే తెలుస్తాయి. అక్కడ కనిపించే ఫైనాన్స్ కంపెనీ, వేలం వేస్తున్న కంపెనీ ఒకటి కాకపోతే ఆ తేడా తేలేదాకా పాట జోలికి పోవద్దు. ఒక కంపెనీ తన అప్పుల ఖాతాలను మరో కంపెనీకి అమ్మేసినప్పుడు ఇలా జరుగుతుంది. హెచ్‌పీ, అంటే ఆర్‌సీలో ఉన్న అప్పు నమోదు, తీసేయాల్సింది రికార్డులో ఉన్న కంపెనీయే. పెండింగ్ ఈ-చలాన్లూ చూడండి. అవి పాత యజమానివే అయినా, కట్టేదాకా ట్రాన్స్‌ఫర్ కదలదు.

నంబరు మొదట్లో ‘ఏపీ’ ఉంటే మన రాష్ట్రం బండే అనుకోవడం బాగా జరిగే పొరపాటు. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలైంది. కానీ ఏపీ 15 కరీంనగర్, ఏపీ 20 ఖమ్మం, ఏపీ 24 నల్గొండ, ఏపీ 36 వరంగల్. 2014కు ముందు అక్కడ రిజిస్టరైన ఈ బళ్ల రికార్డు ఇప్పుడు తెలంగాణది. అంటే వేరే రాష్ట్రం బండి కిందే లెక్క, అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) తప్పదు. ఇచ్ఛాపురం, పార్వతీపురం వైపు వాళ్లకు ఒడిశా బళ్లు కూడా తగులుతుంటాయి. ఓడీ 07 గంజాం, ఓడీ 10 కోరాపుట్, ఓడీ 18 రాయగడ.

ఇక లాగిన్ సంగతి. బ్రోకర్ లాగిన్‌తో పాట పాడిస్తే సేల్ లెటర్ బ్రోకర్ పేరునే వస్తుంది. దాన్ని మీ పేరుకు తేవాలంటే రెండోసారి ట్రాన్స్‌ఫర్ కావాలి, లేదా అమ్మిన కంపెనీ లెటర్ మార్చి ఇవ్వాలి. రెండోది చాలాచోట్ల కుదరదంటారు. మీ ఆధార్, పాన్‌లతో మీరే రిజిస్టరై, డబ్బు మీ ఖాతా నుంచే ఆర్‌టీజీఎస్ చేయండి. బావమరిది ఖాతా నుంచి పంపినా తిప్పి పంపే కంపెనీలున్నాయి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

పాటలో అందరికంటే ఎక్కువ పాడినంత మాత్రాన బండి మీదైపోదు. చాలా లాట్లు (పాటకు పెట్టిన బళ్లు) ‘అప్రూవల్‌కు లోబడి’ అన్న షరతు మీదే ఉంటాయి. ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకుంటేనే అమ్మకం. ఈలోగా ధరావతు డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. అప్రూవల్ వచ్చాక గడువులోగా కట్టకపోతే అది పోతుంది. పాట ధర మీద వేలం సంస్థ కమీషన్, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, గడువు దాటితే యార్డులో రోజువారీ పార్కింగ్ అద్దె పడతాయి. ఇవన్నీ కలిపాకే ధర ఎంతో లెక్కేసుకోవాలి.

బిల్లులో బండి మీదా జీఎస్టీ వేస్తే ఒకసారి ఆగి చూడండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని రైతు దగ్గర సీజ్ చేసిన బండికి, ఆ రైతు కొన్న ధరలోంచి ప్రతి మూడు నెలలకూ 5 శాతం చొప్పున తగ్గించి, దానికంటే ఎక్కువకు అమ్మితే ఆ తేడా మీదే పన్ను లెక్కగట్టాలి. రైతు 7 లక్షలకు కొని రెండేళ్లయితే 40 శాతం పోయి 4 లక్షల 20 వేలు మిగులుతుంది. పాట 4 లక్షలకే ఆగితే తేడా ఏమీ లేదు. 4 లక్షల 50 వేలకు వెళ్తే పన్ను లెక్క 30 వేల మీదే. మొత్తం ధర మీద పన్ను కనిపిస్తే లెక్క ఎలా కట్టారో అడగాల్సిందే.

అసలు చిక్కంతా ట్రాన్స్‌ఫర్ దగ్గరుంది. వేలంలో కొన్నాం కదా అని ఫారం 32 నింపి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఎక్కువ. కొందరు ఏజెంట్లు కూడా అదే పట్టుకెళ్తారు. ఫారం 32 ప్రభుత్వం గానీ, ప్రభుత్వం తరఫున గానీ వేసిన వేలానికే. పోలీసులు, ప్రభుత్వ శాఖలు అమ్మే బళ్లకు అది సరిపోతుంది. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ వేలానికి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్‌లోని ఆ వెసులుబాటు వర్తించదు. కౌంటర్ దగ్గర తిప్పి పంపితే గుమాస్తా మీద కోప్పడి లాభం లేదు.

ఇలాంటి బండికి రెండు దారులున్నాయి. పాత యజమాని సంతకంతో పేరు మార్పు ఫారాలు 29, 30, ఫైనాన్స్ కంపెనీ ముద్రతో హెచ్‌పీ తీసేసే ఫారం 35 ఉంటే మామూలు అమ్మకం లాగే వెళ్లొచ్చు. ఫారం 29, 35 రెండేసి ప్రతులు కావాలి. అప్పు ఇచ్చేటప్పుడే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, ఇప్పుడు వాటినే చేతిలో పెట్టే కంపెనీలున్నాయి. సంతకం కలవకపోయినా, ఆన్‌లైన్ దరఖాస్తులో ఓటీపీ పాత యజమాని మొబైల్‌కు వెళ్లినా పని అక్కడే ఆగుతుంది. బండి పోగొట్టుకున్న మనిషి ఓటీపీ చెబుతాడని ఆశించలేం. బండిని తనే అప్పజెప్పినట్టు ఆయన రాసిచ్చిన సరెండర్ లెటర్ ఉంటే ఈ దారి కొంత నయం.

రెండో దారి 51వ సెక్షన్, అయిదో సబ్‌సెక్షన్. ఫైనాన్స్ కంపెనీ ఫారం 36 పెట్టి ముందు ఆర్‌సీని తన పేరుకు తెచ్చుకోవాలి. యజమాని సీ బుక్కు ఇవ్వకపోతే ఫారం 37 నోటీసు వెళ్తుంది. ఆయన అభ్యంతరం చెప్పుకోవడానికి అవకాశమిచ్చాకే పాత ఆర్‌సీ రద్దయి, కంపెనీ పేరున కొత్తది వస్తుంది. అప్పుడు కంపెనీయే అమ్మకందారుగా 29, 30 మీద సంతకం పెడుతుంది. దీనికి నెలలు పట్టొచ్చు, ఫీజు రెండుసార్లు కట్టాలి. కానీ రేపు పాత యజమాని వచ్చి ‘నా సంతకం కాదు’ అనే బెడద ఉండదు. జాబితాలో ‘ఆర్‌సీ కంపెనీ పేరు మీద ఉంది’ అని ఉంటే ఈ పని అయిపోయినట్టే. అలాంటి లాటుకు నాలుగు రాళ్లు ఎక్కువ పాడినా తప్పులేదు. ఫారం 36 ఖర్చు ఎవరిదో నిబంధనల్లో వెతకండి. ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు’ అన్న ఒక్క వాక్యంతో చాలామంది దాన్ని కొన్నవాళ్ల నెత్తినే వేస్తారు.

యార్డు గేటు దాటకముందే సేల్ లెటర్‌ను బండితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఛాసిస్ నంబరు క్లచ్ హౌసింగ్ దగ్గరో గేర్‌బాక్స్ పక్కనో, కంపెనీని బట్టి ఉంటుంది. డీజిల్ గుడ్డతో తుడిచి, వైర్ బ్రష్ కొట్టి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. లెటర్‌లో సున్నాకు బదులు ‘ఓ’, ఎనిమిదికి బదులు ‘బీ’ టైపు చేయడం సర్వసాధారణం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసేటప్పుడు ఆ ఒక్క అక్షరంతోనే ఫైలు వెనక్కి వస్తుంది. సవరణ లెటర్ యార్డులో ఇవ్వరు, కంపెనీ ఆఫీసు నుంచి రావాలి. ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే ఎక్కడో ఇంజిన్ మార్చారన్నమాట. మార్చిన ఇంజిన్ బిల్లు ఉంటే ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. బిల్లు లేకపోతే ఆ బండి మీద ఆశ వదులుకోవడమే మంచిది. ఇక ట్రాలీ. దానికి విడిగా రిజిస్ట్రేషన్, విడిగా నంబరు ఉంటాయి. ఫొటోలో ట్రాలీ కనిపించినంత మాత్రాన లాటులో ఉన్నట్టు కాదు, దాని ఛాసిస్ నంబరు కూడా సేల్ లెటర్‌లో పడాలి.

యార్డు బళ్లకు ఇన్సూరెన్స్ తరచూ అయిపోయి ఉంటుంది. అది లేకుండా విశాఖ నుంచి తోలుకొస్తే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా. దారిలో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ మీదే పడుతుంది. థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నాకే కదపండి, లేదా లారీ మీద ఎక్కించండి. పేరు మార్పుకు దరఖాస్తు గడువు 30 రోజులు. సేల్ లెటర్ మీద డబ్బు కట్టిన తేదీ వేసి, బండి మాత్రం మూడు వారాలకు ఇచ్చే యార్డులున్నాయి. డెలివరీ తేదీతో గేట్‌పాస్ అడిగి దాచుకోండి.

వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌వోసీ, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) రిపోర్టు కావాలి. ఎన్‌వోసీలో ఏ ఆర్టీవో ఆఫీసు పేరు రాయించాలన్నది ముందే తేల్చుకోండి. 2022 ఏప్రిల్ 4న రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలో చేరాయి. ఆధార్‌లో ఇంకా ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటే ఎన్‌వోసీ ఒక ఆఫీసుకు, చిరునామా మరో ఆఫీసుకు అవుతుంది. ముందు ఆధార్ మార్పించుకోవడం చవక. మళ్లీ ఒడిశా వెళ్లి ఎన్‌వోసీ దిద్దించడం ఖరీదు.

జేసీబీకి ట్రాక్టర్ లాగే ఆర్‌సీ ఉంటుంది, పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి. చైన్ మీద నడిచే ప్రొక్లెయిన్‌కూ జనరేటర్‌కూ ఆర్‌సీ ఉండదు. మీదేనని చూపడానికి సేల్ లెటర్, బిల్లు, సీరియల్ నంబరు ప్లేటు ఫొటో, అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లెటర్ మాత్రమే ఆధారం. ప్లేటు ఊడిపోయి ఉంటే కొనకండి.

డబ్బు కట్టాక కాగితాలు ఆలస్యమైతే యార్డు మేనేజర్‌కు ఫోన్లు చేయడం వల్ల ఒరిగేదేం లేదు. ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి పేరు, ఫోన్ నంబరు గోడ మీద పెట్టి ఉండాలి. లాట్ నంబరు, ఆర్‌టీజీఎస్ యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ నంబరు), డెలివరీ తేదీ, ఏ ఫారం ఎన్ని ప్రతులు రావాలో వరసగా రాసి ఆయనకు మెయిల్ పెట్టండి. ‘కాగితాలు పంపండి’ అని ఊరికే రాస్తే ఫారం 35 ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటారు.