మస్టాంగా, కమారోనా, జీటీవోనా?

ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మూడో శనివారం డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చూసి ఇంటికెళ్లిన మనవాళ్లలో ఏటా ఇద్దరు ముగ్గురికి నిద్ర పట్టదు. "అన్నా, పాత మజిల్ కారు ఒకటి కొందామనుకుంటున్నా. మస్టాంగా, కమారోనా, జీటీవోనా?" కిందటేడు నేను 1966 పాంటియాక్ జీటీవో కొన్నాక ఈ ఫోన్లు ఇంకా పెరిగాయి. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేబదులు ఇక్కడ రాసేస్తున్నాను.

మస్టాంగ్ మజిల్ కారే కాదు, పోనీ కారు (చిన్నసైజు స్పోర్ట్స్ తరహా కారు) అని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్లన్నది నిజమే. మధ్యరకం బండిలో పెద్ద కారు ఇంజను బిగిస్తేనే అసలు మజిల్ కారు. కానీ వుడ్‌వర్డ్ మీద అన్నీ పక్కపక్కనే నిలబడతాయి కాబట్టి ఆ తగాదా పక్కన పెడదాం.

మస్టాంగ్‌తో మొదలుపెడతా, ఎందుకంటే మీలో ఎక్కువమంది చివరికి కొనేది అదే. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో బయటపెట్టిన రోజే 22 వేల ఆర్డర్లు వచ్చిన కారు ఇది. ఒక్క 1966 మోడలే 6,07,568 చేశారు. లోపల చాలావరకు ఫోర్డ్ ఫాల్కన్ సామానే, మరీ తికమక పెట్టే యంత్రం కాదు. అన్ని లక్షల బండ్లు రోడ్డెక్కాయి కాబట్టి ఈరోజుకీ దొరకని పార్టు లేదు. వెనక కప్పు ఏటవాలుగా దిగే 1967 ఫాస్ట్‌బ్యాక్‌కైతే బాడీ మొత్తం కొత్తగా చేసి అమ్ముతున్నారు. ఫ్యాక్టరీలో బండికి కొట్టిన నంబరు చూస్తే ఇంజను తెలిసిపోతుంది: అయిదో అక్షరం సీ గానీ ఏ గానీ అయితే 289 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, కే అయితే 271 హార్స్‌పవర్‌ది, టీ అయితే ఆరు సిలిండర్లది. టీ బండికి వీ8 బ్యాడ్జీ అంటించి అమ్మేవాళ్లు ఉంటారు, మోసపోకండి.

దీని జబ్బు తుప్పు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఏ పాత కారుకైనా అది విషమే. మస్టాంగ్‌కి అదనంగా ముందద్దం కింద గాలి వచ్చే జల్లెడ లోపల తుప్పు పడుతుంది. పైకి కనపడదు. కొనేముందు ఒక చెంబు నీళ్లు ఆ జల్లెడలో పోసి, లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిమి చూడండి. తడిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ భాగం అతుకులన్నీ తొలిచి తీస్తే గానీ బాగుపడదు, ఆ కూలి డబ్బుతో ఇంకో కారొస్తుంది.

షెవ్రొలే కమారో అందం గురించి నేను చెప్పక్కర్లేదు. 1969 మోడల్ ముందు నిలబడి వద్దనుకోవడం కష్టం. పార్టులు దీనికీ పుష్కలం. కాకపోతే ఈ కార్ల నంబరులో వీ8 అని తెలుస్తుంది గానీ అది ఎస్‌ఎస్సా, జడ్/28నా (రెండూ ఎక్కువ జోరున్న ఖరీదైన రకాలు) అన్నది తెలియదు. అందుకే పుట్టినప్పుడు మామూలు కమారోలైనవి ఇప్పుడు చాలా ఎస్‌ఎస్‌లుగా తిరుగుతున్నాయి. కాగితాలు లేకపోతే మామూలు కమారో ధరే ఇవ్వండి. డాడ్జ్ ఛార్జర్ కారు అడిగేవాళ్లూ ఉంటారు, సినిమాల పుణ్యం. 17 అడుగుల పైన పొడవు, ధర ఇంకా పొడవు. మా గరాజులో పట్టదు, మీ గరాజు సంగతి మీకే తెలియాలి.

ఇక జీటీవో. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజను పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్‌లో కట్టుబాటు. ఆ కంపెనీలో భాగమైన పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయనతో ఉన్న కొందరూ కలిసి దానికో సందు కనిపెట్టారు. కొత్త కారు అనకుండా, పాంటియాక్ వాళ్ల 1964 లెమాన్స్ కారుకి ఎక్స్‌ట్రా డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్‌గా 389 ఇంజన్ని చూపించారు. మొదటి ఏడే 32,450 అమ్ముడుపోయాక పైవాళ్లు మాత్రం ఏమంటారు? 1966లో 96,946 పోయాయి, అంతకన్నా మంచి ఏడాది దానికి మళ్లీ రాలేదు.

కష్టాలు దీనికీ ఉన్నాయి. 1966లో నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, వానలో సిగ్నల్ దగ్గర టెన్షనే. ప్రీమియం పెట్రోలు తప్ప తాగదు, నా చేతిలో గ్యాలన్‌కి పన్నెండు మైళ్లు దాటలేదు. పార్టులు దొరుకుతాయి గానీ మస్టాంగ్‌వి ఒక క్యాటలాగులో దొరికితే దీనివి మూడు క్యాటలాగుల్లో వెతకాలి. దొంగ జీటీవోలూ ఉన్నాయి. 1964, 65ల్లో అది ఆప్షన్ కాబట్టి నంబరు చూసి చెప్పలేం. 1966 నుంచి 1971 దాకా నంబరు 242తో మొదలవ్వాలి. ఒహాయోలో ఒకాయన నాకు "అచ్చమైన 66" అని చూపించాడు. డ్రైవరు తలుపు తీసి, పక్క స్తంభం మీది రేకు టార్చి వేసి చూస్తే 237 అని ఉంది. అంటే లెమాన్స్. ఆయన ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

ఇన్ని లెక్కల్లో చూస్తే మస్టాంగే గెలవాలి. మరి నేను జీటీవో ఎందుకు కొన్నాను?

కొనేముందు రెండు వేసవులు వుడ్‌వర్డ్ పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏ కారు దగ్గరికి ఎవరొస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారు అని చూశాను. ఈ కార్లతో మనకి చిన్నప్పటి జ్ఞాపకాలేమీ లేవు కదా. గుర్తొస్తే మనకి అంబాసిడరే గుర్తొస్తుంది. మనకి దొరికేవన్నీ ఎదుటివాళ్లు వచ్చి చెప్పే కబుర్లే.

మస్టాంగ్ దగ్గరికి అందరూ వస్తారు. ఒక పెద్దావిడ తలుపు మీద చెయ్యి వేసి, "మా అమ్మ దీంట్లోనే నాకు డ్రైవింగ్ నేర్పింది" అంది, నవ్వింది, వెళ్లిపోయింది. రెండు నిమిషాలు. కమారో దగ్గరికి యాభై దాటిన మగవాళ్లొచ్చి, బానెట్ ఎత్తించి, ఇంజను నంబర్లు బండి నంబర్లతో కలుస్తాయా అని అడుగుతారు. జీటీవో దగ్గరికి వచ్చేది కొద్దిమందే, వచ్చినవాళ్లు అరగంట కదలరు. ఇరవై, ఇరవై రెండేళ్లకి మొదటి జీతాలతో కొన్నవాళ్లు. ఒకరు వియత్నాం వెళ్తూ తమ్ముడికి ఇచ్చి వెళ్లారు, తిరిగొచ్చేసరికి కారు లేదు. ఒకరు ఇన్సూరెన్స్ కట్టలేక అమ్మేశారు, ఇంకొకరు 1973లో పెట్రోలు దొరక్క. అందరూ చివర్లో "అమ్మకుండా ఉండాల్సింది" అంటారు. మా నాన్న అమ్మేసిన అంబాసిడర్ గురించి మా అన్నయ్య ఇప్పటికీ ఈ మాటే అంటాడు.

మీకు ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీముకి వెళ్లే కారు కావాలంటే 289 మస్టాంగ్ కూపే కొనుక్కోండి, హాయిగా ఉంటారు. నేను కబుర్లకి ఆశపడ్డాను.

మా పక్కింటి పెద్దాయన పాంటియాక్ ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యారు. ఆయనకీ ఒక 66 ఉండేది, రెండో అమ్మాయి పుట్టినప్పుడు అమ్మేశారట. కారు తెచ్చిన వారానికి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. కళ్లు తుడుచుకుంటారేమో అనుకున్నాను. మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నారు. కాసేపు విని, "ఒక సిలిండర్ మిస్ అవుతోంది, నీకు వినపడట్లేదా?" అన్నారు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే ఏడో సిలిండర్ ప్లగ్ వైరు ఎగ్జాస్ట్‌కి తగిలి కాలిపోయి ఉంది.

మర్నాడు పొద్దున్నే కొత్త వైరు పట్టుకుని ఆయనే వచ్చారు. బిగించి, చేతులు తుడుచుకుని, తాళం ఇవ్వమని చెయ్యి చాపారు.