స్లీవ్ సులువుగా ఎక్కుతోందని మురిసిపోయాను

రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌లో కుడి చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక చెయ్యి వాచింది. ఏడాదిన్నరగా కంప్రెషన్ స్లీవ్, అంటే చేతిని బిగించి పట్టి వాపును అదుపులో ఉంచే సాగే తొడుగు, వేసుకుంటున్నాను. క్లాస్ 2, అంటే 23 నుంచి 32 మి.మీ. పాదరసం (బీపీ కొలిచే లెక్కలోనే) ఒత్తిడిది. మొదట్లో అడిగినవాళ్లందరికీ దీన్ని కొనుక్కోమనే చెప్పాను. ఇప్పుడైతే ఒక్కటి కాదు, రెండు కొనమంటాను.

కొత్తలో అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని లాగినా పది నిమిషాలు పట్టేది. అయిదో నెలకు రెండు నిమిషాల్లో ఎక్కేది. చెయ్యి తగ్గుతోందనుకుని టేపుతో కొలవడం కూడా మానేశాను. వరలక్ష్మీ వ్రతం రోజున పట్టు జాకెట్ తొడుక్కోబోతే మోచేతి పైన ఆగిపోయింది. పీట మీద కూర్చోకుండానే ఏడ్చేశాను.

ఫిజియోథెరపీ మేడమ్ కొలిస్తే ఆ చోట రెండున్నర సెంటీమీటర్లు పెరిగింది. స్లీవ్‌ను వేళ్లతో లాగి చూసి, "ఇది సాగిపోయిందమ్మా, ఇందులో ఒత్తిడి లేదు" అన్నారు. రోజూ వేసుకుంటే ఆరు నెలలకోసారి మార్చాలట. కొన్న షాపులో ఆ మాటే ఎత్తలేదు, నాకింకా కోపంగానే ఉంది. నా పొరపాటూ ఉంది. ఉన్నది ఒక్కటే కదా, త్వరగా ఆరాలని విజయవాడ మే ఎండలో డాబా మీద ఆరేసేదాన్ని. పిండకుండా నీడలో ఆరబెట్టాలి.

తర్వాత రెండు వారాలు పొరలు పొరలుగా బ్యాండేజీ కట్లు. కూర తరగడం కూడా కోడలే చూసుకుంది. వాపు దిగాకే కొత్త కొలతలు తీసి జత కొన్నాం. వేళ్లు కూడా ఉబ్బుతుంటే చేతికి గ్లౌజు కలిపారు.

వేసవిలో పై అంచు సిలికాన్ పట్టీ కింద దద్దుర్లు వస్తాయి, అది మాత్రం తీరలేదు. ఒకసారి చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే స్లీవ్ తీసేసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాను, ఇన్ఫెక్షన్ అన్నారు.

నా వాపు ఇంకా మెత్తగానే ఉంది, ఇంట్లో సాయముంది. చెయ్యి గట్టిపడినవాళ్లకు ఈ రకం చాలకపోవచ్చు, కొలిచి చెప్పేవాళ్లనే అడగండి. నేనైతే ఆదివారం ఆదివారం టేపు తీస్తున్నాను. ఇప్పుడున్న జతకు సెప్టెంబరుతో ఆరు నెలలు నిండుతాయి, కేలండర్‌లో గుర్తు పెట్టి డబ్బు పక్కన పెడుతున్నాను.