కార్బురేటర్ మారుతి 800: ఇరవై ఏళ్ల వాడకం, స్టార్టింగ్ సంగతులు

నెల్లూరు ఎండల్లో, సముద్రపు గాలిలో ఇరవై ఏళ్లకు పైగా వాడిన కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మారుతి 800 గురించి ఈ సమీక్ష. 796 సీసీ, మూడు సిలిండర్లు, కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) తిప్పితే కొట్టుకునే మెకానికల్ పెట్రోలు పంపు. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కింది. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చేదాకా ఈ పద్ధతే నడిచింది. హైవే మీద లీటరుకు 17, 18 కిలోమీటర్లు ఇస్తుంది. ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయాసపడుతుంది. ఆ కబుర్లు అందరికీ తెలిసినవే. అసలు పేచీ స్టార్టింగ్ దగ్గర.

బండి స్టార్ట్ కాకపోతే నింద ముందు కార్బురేటర్ మీద పడుతుంది. తప్పు మాత్రం ఎక్కువసార్లు కరెంటు వైపే ఉంటుంది. చాలా షెడ్లలో బానెట్ ఎత్తగానే స్క్రూ డ్రైవర్ గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ మీదికి పోతుంది. అక్కడే ఆపాలి. నిన్న సాయంత్రం బాగా నడిచిన బండికి రాత్రికి రాత్రి స్క్రూ దానంతటదే తిరగదు. తిప్పక తప్పని పరిస్థితి వస్తే ముందు దాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో రాసి పెట్టుకోవాలి. మళ్లీ అక్కడికే తీసుకురావచ్చు.

తాళం తిప్పగానే వచ్చే చప్పుడులోనే సగం జవాబు ఉంటుంది. కటకటమని కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది. ఛార్జి నిండి, కాసేపు వాడకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 కన్నా తగ్గితే ఛార్జింగ్‌కు పెట్టాల్సిందే. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే బ్యాటరీని తిట్టే ముందు టెర్మినళ్లు, ఎర్త్ తీగ చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో పెట్టే బండ్లకు గేర్‌బాక్స్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీయే మొదటి శత్రువు. పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము. పరీక్ష తేలిక. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేదని అర్థం. బోల్టు, పట్టీ రెండూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలిన్ రాయాలి.

సెల్ఫ్ మామూలు కన్నా తేలిగ్గా, జర్రుమని తిరిగిపోతుంటే కామ్‌షాఫ్ట్‌ను, దానితో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. డిస్ట్రిబ్యూటర్ (నిప్పును ప్లగ్గులకు పంచే భాగం) క్యాప్ తీసి సెల్ఫ్ కొట్టించండి. లోపలి రోటర్ తిరగకపోతే ఇక కార్బురేటర్ జోలికి పోయే పనే లేదు, షెడ్డుకు లాక్కెళ్లడమే.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే నిప్పు (స్పార్క్) ఉందా, పెట్రోలు ఉందా అన్నవి రెండే ప్రశ్నలు. ముందు నిప్పు. డిక్కీలో ఒక పాత ప్లగ్గు ఉంచుకోండి. ఒక సిలిండర్ వైరు దానికి తగిలించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. కార్బురేటర్‌కు దూరంగా చేయండి, ఆవిరి అంటుకుంటుంది. నీలంగా, చిటచిటలాడుతూ రావాలి. పసుపు పచ్చగా, సన్నగా వస్తే చాలదు. అసలు రాకపోతే చూపు డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల మీదికి వెళ్లాలి.

పాయింట్ల బండికి ప్రాణం ఆ రెండు చిన్న బిళ్లల్లోనే ఉంది. క్యాప్, రోటర్ తీసి, స్క్రూ డ్రైవర్ కొనతో పాయింట్లు విడదీసి టార్చి వేసి చూడండి. ఒక బిళ్ల మీద ఆవగింజలో సగం గుట్ట, ఎదుటి దాని మీద సరిగ్గా అంతే గుంట కనిపిస్తే కండెన్సర్ (పాయింట్ల దగ్గర రవ్వలు తగ్గించే చిన్న భాగం) పోతోందన్నమాట. పాయింట్లు మాత్రం మార్చి కండెన్సర్ పాతదే ఉంచితే కొత్తవీ కొద్ది రోజుల్లో అలాగే కాలిపోతాయి. రెండూ ఒకేసారి మార్చడమే లాభం. గుట్టలేమీ లేకుండా మసక మాత్రమే ఉంటే, అది నెలల తరబడి ఆగిన బండికి పట్టే పొర. గట్టి అట్టముక్క, పెళ్లి పత్రికదైనా సరే, మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే పోతుంది. గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు, అదీ ఫీలర్ గేజ్‌తోనే (మందం రాసి ఉన్న సన్నటి రేకులు). పాయింట్లను విడదీసే కామ్ మూల సరిగ్గా పాయింట్ల మడమ మీద ఉన్నప్పుడు కొలవాలి. ప్లగ్గుల గ్యాప్ 0.7 నుంచి 0.8. పాత బ్లేడుతో కొలిచే అలవాటు మానుకుంటే మంచిది. గ్యాప్ మారితే నిప్పు పడే టైమింగూ మారుతుంది, వేడెక్కాక పికప్ పోయిందని మళ్లీ కార్బురేటర్‌నే తిడతాం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే మనకు వాయుగుండాల కాలంలో, గొడవ డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌ది. లోపల తేమ పట్టి నిప్పు దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే క్యాప్ పారేయాలి, తుడిస్తే పోయేది కాదు. ప్లగ్గు వైర్లు పీకేముందు టేపు ముక్కలంటించి నంబర్లు రాయండి. ఫైరింగ్ వరస 1-3-2, టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటో సిలిండర్. రెండు వైర్లు తారుమారైతే కార్బురేటర్‌లోంచి ఢామ్మని ఎదురు పేలుతుంది. అదీ కార్బురేటర్ ఖాతాలోకే పోతుంది, పాపం.

నిప్పు బాగుంటేనే పెట్రోలు దగ్గరికి రావాలి. ఈ కార్బురేటర్‌లో నాకు బాగా నచ్చింది పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గదికున్న చిన్న గాజు కిటికీ. పెట్రోలు మట్టం ఆ గాజు మధ్యలో ఉన్న గుండ్రటి గుర్తు దగ్గర కనిపించాలి. ఏమీ విప్పకుండా రోగం చెప్పేస్తుంది. మట్టం లేకపోతే పంపు, ఫిల్టరు, గొట్టాలు చూడాలి. గాజు నిండిపోయి ఉంటే నీడిల్ వాల్వ్ (గదిలోకి పెట్రోలును ఆపే సూది) మూసుకోవడం లేదు. స్క్రూ డ్రైవర్ పిడితో ఫ్లోట్ గది పక్కన రెండు దెబ్బలు మెల్లగా వేస్తే అడ్డుపడిన నలుసు జారిపోయి ఒక్కోసారి అప్పటికి దారికొస్తుంది.

మూడు నాలుగు వారాలు కదలని బండికి గాజులో చుక్క ఉండదు, ఆవిరైపోతుంది. పంపు మళ్లీ నింపాలంటే సెల్ఫ్ పది సెకన్లు కొట్టడం, అర నిమిషం ఆగడం, ఇలా నాలుగైదు సార్లు. బ్యాటరీ అంత ఓపిక పట్టలేకపోతే ఎయిర్ క్లీనర్ మూత తీసి, వాటర్ బాటిల్ మూతలో సగం పెట్రోలు కార్బురేటర్ నోట్లో పోసి, డబ్బా దూరంగా పెట్టి, మూత బిగించాకే సెల్ఫ్ కొట్టాలి. మూత తెరిచి కొడితే ఎదురు మంట ముఖానికి వస్తుంది.

పంపు అనుమానమైతే ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు వాసన కొడితే పంపులోని డయాఫ్రం (పల్చటి పొర) చిరిగి ఇంజిన్‌లోకి కారుతోంది. ఆ ఆయిల్‌తో నడపకూడదు. పంపూ ఆయిలూ రెండూ మార్చాలి.

మే నెలలో వచ్చేది వేరే జబ్బు. ఒంగోలు నుంచి నెల్లూరు వస్తూ హైవే పక్కన టీకి ఆపి, పావుగంటకు తాళం తిప్పితే అందుకోదు. ఇంజిన్ ఆగగానే గాలి ఆగి, వేడంతా కార్బురేటర్‌కు ఎక్కి, ఫ్లోట్ గదిలో పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు వెళ్లే గొట్టాల్లోకి) పొంగుతుంది. అప్పుడు పెట్రోలు పాలు పెంచే చోక్ లాగితే ఇంకా మునుగుతుంది. యాక్సిలరేటర్ నేలకు తొక్కి పట్టి, పంపు కొట్టినట్టు తొక్కకుండా, ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. ప్లగ్గు విప్పితే తడిగా ఉంటే జబ్బు ఇదే. పొడిగా ఉండి, గాజులోనూ పెట్రోలు లేకపోతే పంపులో ఆవిరి కట్టింది. పంపు హెడ్డుకే అతుక్కుని ఉంటుంది కదా, వేడి తప్పదు. బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద, గొట్టం మీద కప్పి పది నిమిషాలు ఆగండి. ఇది మాటిమాటికీ వస్తుంటే కార్బురేటర్ కింద వేడి ఆపే మందపాటి ఇన్సులేటర్ ఉందో, పాత రిపేరులో ఎవరైనా తీసేసి మామూలు గ్యాస్కెట్ వేశారో చూడాలి. అసలు చోక్ అవసరం మన దగ్గర డిసెంబరు, జనవరి పొద్దుల్లోనే, అదీ నిమిషం లోపు.

స్టార్ట్ అయి, కాలు తీయగానే ఆగిపోతుంటే ఐడిల్ సోలెనాయిడ్ (ఐడిల్‌లో నడవడానికి పెట్రోలు వదిలే కరెంటు వాల్వ్) చూడండి. తాళం ఆన్ చేయగానే కార్బురేటర్ దగ్గర టిక్కుమనాలి. అనకపోతే ముందు దాని వైరు ఊడిందేమో చూడండి.

చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువుదాకా ఎయిర్ ఫిల్టరు ఆగదు. నెలకోసారి విప్పి దులపాలి. ప్లగ్గులు మసిగొట్టినట్టు నల్లగా వస్తుంటే ముందు అక్కడే చూడండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండి కోసం పుట్టింది కాదు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి, లోపల పొరలు లేచి, ఆ నలుసులే నీడిల్ వాల్వ్ దగ్గర చేరతాయి. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చడం ఈ ఇరవై ఏళ్లలో చేసిన ఖర్చుల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి ఆపే బండిలో పాత పెట్రోలు ఉంచొద్దు.

డూప్లికేట్ కార్బురేటర్ కొనడం కన్నా అసలుదాన్ని రిపేరు కిట్ వేసి బాగుచేయించడం మేలు. జెట్లలో (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో) తీగ గుచ్చనివ్వకండి, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది. క్లీనర్, గాలి చాలు. యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే త్రాటిల్ షాఫ్ట్ పట్టుకుని ఊపితే వదులుగా ఆడుతుంటే మాత్రం కిట్ వేసినా ఐడిల్ నిలవదు.

పాతది కొనాలనుకునేవాళ్లు చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, టీ తాగి ఇంటికొచ్చి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి.