స్కైవేల ఊరు మినియాపొలిస్: ఏళ్ల వాడకం తర్వాత నా అంచనా

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తూ, ఇక్కడి టవర్ల మధ్య రోజూ నడిచిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ భవనాలను విడివిడిగా చూస్తే వాటి విలువ సగమే తెలుస్తుంది. మిగతా సగం వాటిని కలిపే స్కైవేలలో ఉంది.

వీధికి ఒక అంతస్తు ఎత్తున, అద్దాలు బిగించి కట్టిన ఈ వంతెనలు సుమారు 15 కిలోమీటర్ల పొడవున 80 బ్లాకుల దాకా కలుపుతాయి. జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయిన రోజున కూడా, కోటు ఆఫీసులోనే వదిలేసి భోజనం, బ్యాంకు పని, మందుల కొనుగోలు అన్నీ చొక్కా మీదనే ముగించుకోవచ్చు. ఈ సౌకర్యం పుట్టడానికి ఒక మాల్ కారణం కావడం నాకు ఎంతో ఆసక్తిగా అనిపిస్తుంది. 1956లో పొరుగున ఉన్న ఈడైనాలో విక్టర్ గ్రూయెన్ రూపకల్పన చేసిన సౌత్‌డేల్ తెరుచుకుంది. పూర్తిగా కప్పు కింద, ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రతలో నడిచే తొలి అమెరికన్ మాల్‌గా దానికి పేరుంది. కొనుగోలుదారులు అటు తరలిపోతారన్న ఆందోళనతోనే డౌన్‌టౌన్‌లో 1962లో మొదటి స్కైవే వెలిసింది.

టవర్లలో నేను అన్నిటికంటే మిన్నగా ఎంచేది ఐడీఎస్ సెంటర్. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్గీ రూపొందించిన ఈ భవనం 1973 నాటిది, ఎత్తు 241 మీటర్లు. దాని అంచులను మెట్లు మెట్లుగా మలచడం వల్ల ఒక్కో అంతస్తులో 32 వరకు మూల గదులు వచ్చాయి. అయినా నన్ను కట్టిపడేసేది కింద ఉన్న క్రిస్టల్ కోర్ట్: నాలుగు వైపుల నుంచీ స్కైవేలు వచ్చి కలిసే ఆ గాజు కప్పు హాలులో శీతాకాలపు మధ్యాహ్నం కూర్చుంటే, ఊరంతా మన ముందు నుంచే నడిచిపోతున్నట్టు ఉంటుంది. 1929 నాటి ఫోషే టవర్ 32 అంతస్తులదే అయినా, వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని పోలిన దాని ఆకారం ఇప్పటికీ నిండుగా కనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. స్కైవేలు చాలావరకు ఆయా భవన యజమానుల ఆస్తి కనుక మూసే వేళలు ఒకలా ఉండవు. సాయంత్రం పొద్దుపోయాక సగం దారిలో తలుపు మూసి ఉంటే వెనక్కి తిరగక తప్పదు. కొత్తవారికి దిక్కు తెలియదు, మలుపులు అన్నీ ఒకేలా ఉంటాయి. అంతకంటే పెద్ద నష్టం వీధికి జరిగింది. మనుషులు పైకి వెళ్లిపోవడంతో, నడిచేవారి కోసమే లారెన్స్ హాల్‌ప్రిన్ 1967లో తీర్చిదిద్దిన నికోలెట్ మాల్ అనే వీధి మీద చలికాలంలో సందడి పలచబడుతుంది. అక్కడ తరాలుగా నడిచిన డిపార్ట్‌మెంట్ స్టోర్ 2017లో మూతపడటం ఆ వీధిని మరింత బోసిగా చేసింది.

ఇక కొనుగోళ్లకు నేను ఎక్కువగా వెళ్లేది బ్లూమింగ్టన్‌లోని మాల్ ఆఫ్ అమెరికాకే. పాత మెట్రోపాలిటన్ స్టేడియం స్థలంలో 1992లో తెరుచుకున్న ఆ మాల్‌లో నడిచే దారులకు విడిగా హీటింగ్ లేదు. పైకప్పు గాజులోంచి పడే ఎండ, దీపాలు, జనం వేడితోనే అది వెచ్చగా ఉంటుంది. మిన్నెసోటాలో దుస్తులపై అమ్మకపు పన్ను లేకపోవడం మరో లాభం. డౌన్‌టౌన్ నుంచి బ్లూ లైన్ రైలు నేరుగా అక్కడికే చేరుస్తుంది కాబట్టి, ఇండియా నుంచి చలికాలంలో వచ్చే పెద్దవాళ్లను ముందు క్రిస్టల్ కోర్ట్‌కు, తర్వాత రైల్లో మాల్‌కు తీసుకెళ్లమని నా సలహా. స్కైవేలకు మాత్రం పనిదినం మధ్యాహ్నం వెళ్లండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి.